నాలుగో బీరువాకి ఆశ్చర్య పరీక్ష

ఆశ్చర్యపడటం కూడా పౌరుల హక్కేనని ప్రభుత్వం కనిపెట్టిన వేళకి వెదుళ్ళలంక శాఖా గ్రంథాలయంలో ధనకుమారి స్టూలెక్కి, పైకప్పు కారుతున్న చోటునుంచి పుస్తకాలు తప్పిస్తోంది. ఆ సంగతి మోసుకొచ్చిన కవరు అటెండరు సూరిబాబు చేతిలో ఉంది. కవరు మీద మూడు ముద్రలున్నాయి.

"అమ్మగారూ, జిల్లా ఆఫీసు నుంచండి. బరువుగా ఉందండి. కొత్త బిల్డింగు శాంక్షనయ్యిందేమోనండి," అన్నాడు సూరిబాబు.

"మంచి కబురయితే ఫోన్లో చెప్తారు సూరిబాబూ. కవర్లో వచ్చిందంటే మనమేదో చెయ్యాలి," అంటూ ఆమె కిందికి దిగింది.

చెయ్యాల్సింది చాలానే ఉంది. ఉత్తర్వు పదకొండు పేజీలు. "ఆరంభము చదివిన మాత్రముననే అంతము తెలిసిపోవు గ్రంథములు పాఠకుని ఆశ్చర్యమును అపహరించుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినందున" అని మొదలై, "ఇందు ఏ విధమైన అలసత్వము సహింపబడదని తెలియజేయడమైనది" అని ముగిసింది. మధ్యలో ఉన్నదంతా ధనకుమారి గుండెల్లో రాయి వేసింది.

ప్రభుత్వ దృష్టికి ఎలా వచ్చిందంటే, రాజధానిలో ఒక పెద్ద అధికారి రైల్లో కాలక్షేపానికని కూతురి సంచీలోంచి టీనేజి నవల ఒకటి తీసి చదివారట. పద్నాలుగో పేజీలోనే ఆఖరికేమవుతుందో ఆయనకు తెలిసిపోయిందట. తెలిసిపోయినందుకు తనమీద తనకు గౌరవం పెరగాల్సింది పోయి పుస్తకం మీద కోపం పెరిగిందట. ఆ కోపంతోనే ఆఖరి పేజీ దాకా చదివి, తాననుకున్నదే జరిగినందుకు ఇంకా మండిపోయి, దిగిన స్టేషన్లోనే కమిటీ వేశారట.

కమిటీ తేల్చిన పద్ధతి ఇది. గ్రంథాలయ సిబ్బంది ప్రతి పుస్తకంలోనూ పావు భాగం చదవాలి. పావు దగ్గర ఎర్ర దారం పెట్టి ఆపెయ్యాలి. ఆఖరికేమవుతుందో ఊహించి, ఊహాపత్రం మీద రాసి, కవర్లో పెట్టి లక్క వెయ్యాలి. అధికారి వచ్చి కవరు విప్పి, చివరి అధ్యాయంతో సరిపోల్చి చూస్తారు. ఊహ సరిపోలితే ఆ పుస్తకం 'ముందెరుక గ్రంథం'. దాన్ని కోడిగుడ్ల ట్రేలు చేసే ఫ్యాక్టరీకి పంపేస్తారు.

పెద్దల నవలలకు మాత్రం మినహాయింపు ఉంది. వాటిలో ఆఖరికేమయిందో పూర్తిగా చదివినవాళ్ళకి కూడా తెలియదు కాబట్టి పాఠకుల హక్కులకు భంగం లేదని కమిటీ అభిప్రాయపడింది.

అంటే గురి నేరుగా నాలుగో బీరువా మీదే. అందులో నూట పన్నెండు టీనేజి నవలలున్నాయి. అట్టలు వదులైనవి, మూలలు మడతలు పడ్డవి, ఎవరో ఎక్కడో ఏడ్చిన చోట పేజీ ఉబ్బినవి. వెదుళ్ళలంకలో పెద్దల నవలలున్న తక్కిన మూడు బీరువాలూ తాళం వేసి ఉన్నా ఎవరూ అడగరు. నాలుగో దానికి తాళం వేసే వీలే దొరకదు.

ధనకుమారికి నలభై ఏడేళ్ళు. ఆ నూట పన్నెండులో ఆమె కనీసం మూడేసి సార్లు చదవనిది లేదు. బయటికి చెప్పదు గానీ, 'ఏడో లైను' అనే దాన్ని తొమ్మిదిసార్లు చదివింది. చిరిగిన బూటుతో పరుగు పందేలకి వెళ్ళే ఉత్పల అనే పిల్ల కథ అది. మొదటి అధ్యాయంలో బూటు చిరిగిందంటే ఆఖరి అధ్యాయంలో కప్పు గెలుస్తుందని ధనకుమారికి తెలుసు. హాస్టల్లో దెయ్యముందంటే అది వాచ్‌మనేనని తెలుసు. మొదటి పేజీలో బస్సు సీటు కోసం తిట్టుకున్న ఇద్దరు ఆఖరి పేజీలో ఒకే గొడుగు కింద నడుస్తారని కూడా తెలుసు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె ఊహించింది ఒక్కటీ జరగలేదు. ప్రమోషను వస్తుందనుకుంటే బదిలీ వచ్చింది. కొత్త భవనం వస్తుందనుకుంటే ఉన్న భవనానికి కొత్త బోర్డు వచ్చింది. ఈ పుస్తకాల్లో మాత్రం రావాల్సినది వస్తుంది. కాస్త ఆలస్యంగా, నూట నలభయ్యో పేజీలో వస్తుంది, కానీ వస్తుంది. అది వచ్చేదాకా దారిలో ఎదురుచూడటంలో ఉన్న సుఖం ఆమె ఏ అధికారికీ ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"ఇదెక్కడి గోల మేడంగారూ!" అంది వీరవేణి, ఉత్తర్వు చదివి. ఇంటరు రెండో ఏడు చదువుతోంది. ఆ బీరువాకి అతి పెద్ద శత్రువూ మిత్రురాలూ ఆ పిల్లే. సగం మూలలు తనే మడతపెట్టింది. "ఆఖరికి అంతా బాగుంటుందని తెలీకపోతే మధ్యలో అంతంత ఏడుపులు ధైర్యంగా ఎలా ఏడుస్తామండి?"

"అది రాయడానికి ఇందులో గడి లేదమ్మా," అంది ధనకుమారి.

వారం తిరిగేసరికి పక్క మండలాల కబుర్లు రావడం మొదలయ్యింది. ఒకచోట గ్రంథపాలకుడు అత్యుత్సాహం కొద్దీ ఎక్కాల పుస్తకాన్ని పరీక్షకి పెట్టాడు. మూడో ఎక్కం దగ్గర ఆపి, ఆఖరున ఇరవై ఇరవైలు నాలుగు వందలని ఊహించాడు. సరిపోలింది. పుస్తకం ట్రేలకి పోయింది. ఇంకోచోట వంటల పుస్తకంలో పప్పు నానబోసేదాకా చదివి, ఆఖరికి అట్లు వస్తాయన్నారు. వచ్చాయి. వంటలన్నీ పోయాయి. రైల్వే టైంటేబులు మాత్రం ఊహాతీత గ్రంథంగా ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణమై, అద్దాల పెట్టెలోకెక్కింది.

ధనకుమారి నాలుగు రోజులు పెన్ను పట్టుకుని కూర్చుంది. తప్పు ఊహ రాయాలని ఆమె ఆశ. 'ఉత్పల ఓడిపోవును' అని రాయబోతే చెయ్యి సాగలేదు. ఆ పిల్లకి ఎదురుగా కూర్చుని చెప్పినట్టు అనిపించింది. కొట్టేసి మళ్ళీ రాస్తే 'గెలుచును' అని పడింది. అబద్ధం ఆడలేక కాదు. ఆ ఒక్క విషయంలో ఆడలేక.

అప్పుడామె ఉత్తర్వు మళ్ళీ చదివింది. 'గ్రంథాలయ సిబ్బంది' అని ఉంది. గ్రంథపాలకురాలే అని ఎక్కడా లేదు.

"సూరిబాబూ, నువ్వెప్పుడైనా నవల చదివావా?"

"ఛఛ, అలాంటి అలవాట్లు మనకి లేవండి," అన్నాడు సూరిబాబు గర్వంగా. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవయ్యేళ్ళు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని చేసి, ఆ తరవాత పుస్తకాల కాపలాకి వచ్చాడు. ఆయనకి రెంటిలోనూ పెద్ద తేడా కనిపించలేదు.

ఆమె పావు భాగం చదివి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని, నిజాయితీగా ఆలోచించాడు.

"ఆ పిల్లకి మేనమావ ఉన్నాడన్నారు కదండి? ఆయన చెరువు ఈ పిల్ల లీజుకి తీసుకుంటాదండి. మొదటి పంట పోద్దండి. వైరసొత్తాది. రెండో పంట కలిసొత్తాదండి."

"పరుగు పందెం సంగతో?"

"పరిగెడితే ఏవొత్తాదండి?"

ధనకుమారి ఉన్నదున్నట్టు రాసి, ఆయన చేత సంతకం చేయించి లక్క వేసింది. నూట పన్నెండు పుస్తకాలకి పందొమ్మిది రోజులు పట్టింది. సూరిబాబు ఒక్కదానికీ బద్ధకించలేదు, ఒక్కదానిలోనూ చెరువు దాటి బయటికి రాలేదు.

తనిఖీకి జిల్లా నుంచి ఆశ్చర్య విభాగం ప్రత్యేకాధికారి పతంజలిరావు గారు జీపులో దిగారు. నున్నగా దువ్విన తల, జేబులో మూడు రంగుల పెన్నులు. కమిటీ పద్ధతిని పదకొండు పేజీల ఉత్తర్వుగా రాసింది ఆయనే. మాట్లాడితే ఎదురుగా ఎవరో రాసుకుంటున్నట్టే మాట్లాడతారు.

"ప్రభుత్వము వారి సదాశయమును తాము అవగాహన చేసుకొనియుందురు," అన్నారు కుర్చీలో కూర్చుంటూ.

"ఆయ్," అన్నాడు సూరిబాబు.

మొదటి కవరు విప్పి గట్టిగా చదివారు. "ఉత్పల మేనమామ యొక్క రొయ్యల చెరువును లీజుకు తీసుకొనును. మొదటి పంట పోవును." పుస్తకం చివరి పేజీ తిప్పారు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు. "కప్పు... బంగారు పతకము... సరిపోలలేదు!"

రెండో కవరు. "హాస్టలులో దెయ్యము రొయ్యల మేత దొంగ అని తేలును. సరిపోలలేదు!" మూడోది. "బస్సులో తగువులాడిన యువతీయువకులు కలిసి ఐసు ఫ్యాక్టరీ పెట్టుదురు. సరిపోలలేదు!"

మధ్యాహ్నానికి పతంజలిరావు గారి చొక్కా తడిసిపోయింది. నూట పన్నెండో కవరు విప్పాక లేచి నిలబడ్డారు.

"జిల్లాలో ఎక్కడా ఒక్క గ్రంథమునకు మించి ఉత్తీర్ణము కాలేదు. ఇక్కడ బీరువా బీరువాయే ఊహాతీతము! ధనకుమారి గారూ, తాము ఇన్నేళ్ళుగా ఎటువంటి సరుకు పక్కన కూర్చుని ఉద్యోగము చేయుచున్నారో తమకు తెలియునా?"

"కాస్త తెలుసండీ," అందామె.

ఆ రోజు వీరవేణి లైబ్రరీకి పక్కవీధి మిఠాయి కొట్లోంచి జాంగ్రీలు పట్టుకొచ్చింది. బీరువా బతికింది. ధనకుమారి గుండెల మీంచి రాయి దిగింది. దిగి సరిగ్గా తొమ్మిది రోజులు కింద ఉంది.

పదో రోజు రెండో కవరు వచ్చింది. దీని మీద అయిదు ముద్రలు. నాలుగో బీరువాలోని ఆశ్చర్యం సాధారణ మోతాదుకు అనేక రెట్లు ఎక్కువని విభాగం లెక్కగట్టింది. అంత ఆశ్చర్యాన్ని ముందు జాగ్రత్తలు లేకుండా ప్రజల చేతుల్లో పెట్టడం ప్రమాదకరమట. కాబట్టి బీరువాకి ఎర్ర రంగు వెయ్యాలి. పక్కన రెండు ఇసుక బకెట్లు పెట్టాలి. పుస్తకం కావలసినవాళ్ళు ఇంటి పెద్దని వెంటబెట్టుకుని రావాలి. చివరి అధ్యాయం లైబ్రరీలోనే, ఆరోగ్య కార్యకర్త సమక్షంలో, చదవకముందు ఒకసారీ చదివాక ఒకసారీ బీపీ చూపించుకుని మరీ చదవాలి. సొమ్మసిల్లినవాళ్ళని పడుకోబెట్టడానికి బల్ల ఉండాలి.

సూరిబాబు ఎర్ర రంగు వేశాడు. ఇసుక తెచ్చాడు. పేపర్లు చదివే బల్లని సొమ్మసిల్లే బల్లగా మార్చాడు. మంగళ, శుక్రవారాలు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు నూకరత్నం బీపీ మిషనుతో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది.

"టీకాలేసుకునే దాన్ని, నన్నీ కథల్లోకి లాగారేంటండీ," అని మొదటి రోజు విసుక్కుంది. రెండో రోజు, "ఆ గొడుగు పుస్తకం ఇంకా ఎవరూ తీసుకోలేదేంటండీ, ఆఖరు చూద్దామంటే," అంది.

వీరవేణి వాళ్ళ నాన్న నాగేశు తాపీమేస్త్రి. పని మానుకుని, సిమెంటు చేతులతోనే వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఒక్క పుస్తకానికి ఒక పూట కూలి పోయిందే నీ వల్ల," అన్నాడు.

"నేను తొందరగా చదివేస్తాన్నాన్నా, నువ్వలా చూడకు."

పిల్ల మనసులో చదువుతోంటే కాసేపు ఫ్యాను చూశాడు. తరవాత పిల్ల మొహం చూశాడు. మొహంలో ఏవేవో నడుస్తున్నాయి. ఉండబట్టలేక, "పైకి చదవవే, నేనూ ఇంటాను," అన్నాడు. పైకి చదివింది. ఉత్పల ఆఖరి మలుపు తిరిగే చోట వీరవేణి దగ్గొచ్చి ఆగితే, "దగ్గు తరవాత దగ్గొచ్చు, ముందు ఆ పిల్లని గీత దాటించు!" అని అరిచాడు. దాటించింది. నాగేశు తువ్వాలుతో మొహం తుడుచుకుని, కళ్ళల్లో సిమెంటు పడిందన్నాడు.

నూకరత్నం వీరవేణికి పట్టీ కట్టి, గాలి కొట్టి చూసింది. మొహం చిట్లించి మళ్ళీ చూసింది.

"మేడంగారండీ, చదవకముందు నూట ఇరవై నాలుగుందండీ. ఇప్పుడు నూట పది. మొన్న ఆరుగురికీ ఇంతేనండి, దిగిపోతంది. రిజిస్టర్లో ఆశ్చర్యం అన్న చోట ఏం రాయమంటారు?"

ధనకుమారి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆమె మనసింకా ఉత్పల గీత దాటిన చోటే ఉంది. "ఉన్నదే రాసెయ్యండి," అంది.

నెలాఖరుకి రిజిస్టరు జిల్లాకి వెళ్ళింది. విభాగంలో లెక్కలవాళ్ళు కూడారు, భాగించారు, అదిరిపోయారు. వెదుళ్ళలంక పాఠకుల్లో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. పైగా హాయిపడ్డారు. అంటే వాళ్ళకి ఆఖరికేమవుతుందో ముందే తెలుసు. తెలిసి కూడా, పనులు మానుకుని, పెద్దల్ని వెంటేసుకుని, బీపీలు చూపించుకుని మరీ చదువుతున్నారు. అంటే ఊహాపత్రాల్లో మోసం జరిగింది.

పతంజలిరావు గారు ఈసారి జీపులో ఒంటరిగా రాలేదు. వెనకాల గుడ్ల ట్రేల ఫ్యాక్టరీ వ్యాను వచ్చింది.

"బీరువా స్వాధీనము," అన్నారు గుమ్మంలోనే. "సంజాయిషీ తరువాత."

ధనకుమారి ఉద్యోగం గురించి ఆలోచించలేదు. చిరిగిన బూటూ, హాస్టలు వాచ్‌మనూ, గొడుగూ, అన్నీ తడిసి ముద్దయి, ముప్పయ్యేసి గుడ్ల కింద పళ్ళెంలా మారి, ఏ కిరాణా కొట్లోనో దొంతరలుగా ఉండటం ఆమె కళ్ళకి కట్టింది.

పతంజలిరావు గారు స్వాధీన పట్టిక రాయడానికి కూర్చున్నారు. నూట పన్నెండు పేర్లు మూడు ప్రతులు రాయాలంటే సాయంత్రమయ్యేట్టుంది. ఆయన పెన్ను ఒక క్షణం ఆగి, విభాగంలో అందరూ చేసే పనే చేసింది. 'ఒకటవ అంశము: బీరువా నం. 4, లోపలి సరుకు సహా. సంఖ్య: ఒకటి.' కింద గీత గీసి సంతకం పెట్టారు.

"ఈ ఊహలు రాసినదెవరు?" అన్నారు తలెత్తి.

"నేనేనండి," అన్నాడు సూరిబాబు.

"బుద్ధిపూర్వకముగా తప్పుడు ఊహ చేసితివా?"

"తప్పుడేంటండి బాబూ! నాకు నిజంగా అలాగే అనిపించిందండి. ఇప్పటికీ చెప్తన్నాను, ఆ పిల్ల రొయ్యలేసుంటే ఈపాటికి డాబా లేపేసేదండి."

పతంజలిరావు గారు ఉత్తర్వు తిరగేశారు. సిబ్బంది అని ఉంది. అటెండరు సిబ్బందే. ఊహ నిజాయితీగా ఉండాలనే ఉంది గానీ దగ్గరగా ఉండాలని లేదు. పదకొండో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక దారి కనిపించింది: అనుమానం వచ్చిన చోట గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారి కనీసం ఒక గ్రంథాన్ని స్వయంగా పరీక్షించాలి.

"తీసుకురండి ఒకటి," అన్నారు.

ధనకుమారి బీరువా తెరిచింది. ఆమె చెయ్యి వెతుక్కోలేదు. 'ఏడో లైను' దానంతటదే వచ్చి చేతిలో పడ్డట్టు వచ్చింది. ముప్పై ఎనిమిదో పేజీలో ఎర్ర దారం ఉంది.

ఆయన అడుగు దూరంలో, మందుసీసా పట్టుకున్నట్టు పట్టుకుని మొదలుపెట్టారు. వీరవేణి అది చూసి వీధిలోకి పరిగెత్తింది. పావుగంటలో నాగేశు వచ్చాడు, నూకరత్నం వచ్చింది, మిఠాయి కొట్టాయన వచ్చాడు, ఇంటరు పిల్లలు కిటికీలు ఎక్కారు. ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు. ఊళ్ళో తీర్థంలో ఏటేటా అదే నాటకం ఆడతారు, అదే రాక్షసుడు అదే చోట పడతాడు, అయినా చాపలు ముందురోజే పరిచేసుకుంటారు. ఇదీ అంతే. ముందు చోటు దొరకనివాళ్ళు సొమ్మసిల్లే బల్ల ఎక్కి నిలబడ్డారు.

అయిదో పేజీకి పతంజలిరావు గారు "పేలవము" అన్నారు. పదకొండో పేజీకి ఏమీ అనలేదు. పంతొమ్మిదో పేజీలో ఆకుపచ్చ పెన్ను తీసి, ఊహాపత్రం మీద 'ఉత్పల గెలుచును. ఖరీదైన బూట్లు గల రోష్ని ఆఖరి క్షణమున తన బూట్లు ఇచ్చును' అని రాసి, లక్క కూడా వేశారు. పని అయిపోయింది. అయినా పుస్తకం మూయలేదు.

"అదుగో," అని గొణిగాడు నాగేశు.

ఇరవై ఆరో పేజీలో టీ చల్లారిపోయింది. ముప్పయ్యో పేజీలో పుస్తకం ముక్కు దాకా వచ్చింది. ముప్పై మూడులో పతంజలిరావు గారు, "ఈ రోష్ని ఉందే, పొగరుమోతు గుంట," అన్నారు. అది ఆఫీసు తెలుగు కాదు. కిటికీల్లో పిల్లలు నోళ్ళు నొక్కుకున్నారు.

ముప్పై ఎనిమిది. ఆయన వేలు పేజీ తిప్పబోయింది. ధనకుమారి చెయ్యి వచ్చి ఎర్ర దారం మీద పడింది.

"సార్, పావు అయ్యిందండి."

"ఆ? అవును. అయ్యింది." వేలు తియ్యలేదు.

"పావు దాటి చదవకూడదండి. నాలుగో పేజీ, మూడో పేరా."

"నేను రాసినదే కదండీ అది."

"అందుకే గుర్తు చేస్తున్నానండి." ఆమె నెమ్మదిగా పుస్తకం లాగేసుకుని గుండెకి ఆనించుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె ఒక అధికారి చేతిలోంచి ఏదైనా తీసుకోవడం అదే మొదటిసారి.

"ఒక్క నాలుగు పేజీలు, ధనకుమారి గారూ. ఆ జిల్లా పోటీలు అయ్యేదాకా."

"ఆఖరికేమవుతుందో మీరు రాసేశారు కదండీ."

"రాశాను."

"అలాగే అవుతుందంటారా?"

"నూటికి నూరుపాళ్ళూ."

"మరింకెందుకండీ?"

పతంజలిరావు గారు మూడు పెన్నులూ ఒకసారి తడుముకున్నారు. ఆఖరికి ఆయన సొంత గొంతు వచ్చింది.

"ఆ పిల్ల రెండో బూటు కూడా ఇప్పుడే చిరిగిందండీ! వాళ్ళమ్మకింకా తెలీదు. ఇలాంటప్పుడు దాన్నక్కడ వదిలేసి నేనెలా వెళ్ళనండీ? గెలుస్తుందని తెలుసు. తెలిస్తే సరిపోతుందా? దగ్గరుండి గెలిపించాలి కదా!"

అన్నేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్నకి, ఎవరూ అనుకోని మనిషి జవాబు చెప్పేశాడు. కానీ ధనకుమారి పుస్తకం ఇవ్వలేదు.

"ఇది స్వాధీనమైన సరుకండి. స్వాధీనమైనది ఎవరికీ ఇవ్వకూడదు."

"ఈ ఒక్కదాన్ని పట్టికలోంచి కొట్టేస్తాను."

"పట్టికలో పుస్తకాలు లేవండి. బీరువా ఒకటి అని రాశారు. ఒకటిలోంచి కొంచెం కొట్టెయ్యడం కుదరదండి."

ఆయన పట్టిక చూసుకున్నారు. బయట వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. పతంజలిరావు గారు ఆకుపచ్చ పెన్ను తీసి, ఒకటవ అంశాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి కొట్టేశారు. కింద కారణం రాయాలి. రాశారు.

'అధికారి ఊహ సరిపోలినదీ లేనిదీ తేల్చుటకు మిగిలిన నూట పద్నాలుగు పేజీలు చదువుట అత్యవసరము. తక్కిన నూట పదకొండు గ్రంథముల విషయము కూడా సదరు అధికారి స్వయముగా, నెలకు ఒకటి చొప్పున, తేల్చవలసియున్నది. అంతవరకు యథాతథ స్థితి.'

వీరవేణి వేళ్ళు మడిచి లెక్కేసింది. "దీంతో కలిపి తొమ్మిదేళ్ళ నాలుగు నెలలండి మేడంగారూ!"

"ఈయన రిటైరయ్యాక కూడా సరిపోద్దండి," అన్నాడు సూరిబాబు సంతృప్తిగా.

గుడ్ల వ్యాను ఖాళీగా తిరిగి వెళ్ళిపోయింది. కానీ పుస్తకం ఇంకా ధనకుమారి చేతిలోనే ఉంది. పుచ్చుకునేవాళ్ళు సభ్యులై ఉండాలి. సభ్యత్వానికి సూరిబాబు పూచీ పడ్డాడు. రెండో ఉత్తర్వు ప్రకారం ఇంటి పెద్ద రావాలి.

"నాకు యాభై ఆరేళ్ళమ్మా!"

"వయసెంతని ఉత్తర్వులో రాయలేదండి మీరు."

నాగేశు ముందుకొచ్చి, ఆయన తరఫున సిమెంటు వేలితో సంతకం పెట్టాడు. 'పాఠకునితో బంధుత్వము' అన్న చోట 'ఆ పిల్ల తరపు వాళ్ళం' అని రాశాడు. నూకరత్నం పట్టీ కట్టి చూసి, "నూట అరవై రెండండీ. ఎవరన్నా ఈయనకా పుస్తకం ఇచ్చెయ్యండి, నాకు భయంగా ఉంది," అంది.

ఇచ్చేసింది ధనకుమారి. చివరి అధ్యాయం లైబ్రరీలోనే చదవాలన్న నిబంధన అప్పుడామెకి ఎందుకో గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే తలుపులు తీస్తుండగానే ఫోను మోగింది.

"ధనకుమారి గారూ!" అవతల పతంజలిరావు గారు. "గెలిచేసిందండీ!"

"నిజమాండీ!" అంది ఆ పుస్తకం తొమ్మిదిసార్లు చదివిన మనిషి. ఊడవడం ఆపమని సూరిబాబుకి సైగ చేసింది. "ఉండండుండండి, అలా కాదు. మొదట్నుంచీ చెప్పండి."

"ఆఖరి మలుపు దగ్గరండీ... మీరు నమ్మరు... ఒక్క క్షణం, ఓడిపోతుందేమో అనిపించేసిందండీ."

ధనకుమారి కుర్చీ ఫోను దగ్గరికి లాక్కుంది.

"అయ్యయ్యో! తర్వాతేమయిందండీ?"